తొలి కుంపటి

మన భాషకు కుంపటి మీద ఎందుకో కాస్త కోపం ఉన్నట్టుంది. అన్నదమ్ములు విడిపోతే 'వేరు కుంపటి పెట్టుకున్నారు' అంటాం. పెళ్ళీడు పిల్ల ఇంట్లో ఉంటే 'గుండెల మీద కుంపటి' అనేవారు వెనకటివాళ్ళు. చలికి వణికే ప్రాణికి నాలుగు నిప్పుకణికలతో ఇంత వెచ్చదనం పంచిపెట్టే వస్తువుకు ఇంత చెడ్డపేరు రావడం అన్యాయమే. కాని కాస్త నిదానించి చూస్తే ఆ మాటల్లోనూ ఒక నిజం ఉంది. ఇంట్లో వెచ్చదనం ఎవరిది, దాని ఖర్చు ఎవరిది, ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పే హక్కు ఎవరిది అన్న పేచీ కుంపటితో పాటే పుట్టింది.

ఆ పేచీ ఏటా ఒక సంధికాలంలో రాజుకుంటుంది. చలికాలం వచ్చిందనడానికి లేదు, రాలేదనడానికీ లేదు. పగలు చొక్కా తడుస్తుంది, తెల్లవారుజామున కాళ్ళు ముడుచుకుంటాయి. "అప్పుడే కుంపటా?" అంటారు ఒకరు. "ఇంకెప్పుడు?" అంటారు ఇంకొకరు. పంచాంగం చూస్తే మార్గశిర పుష్యాలు హేమంతం అని రాసి ఊరుకుంటుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందని సామెత ఉంది. చలి వెళ్ళడానికి ముహూర్తం పెట్టిన పెద్దలు, అది వచ్చే రోజుకు అంత గట్టి ముహూర్తం పెట్టినట్టు నేను వినలేదు. బహుశా ఆ సంగతి ఎవరింట్లో వాళ్ళు తేల్చుకుంటారులే అనుకుని ఉంటారు.

బయటి దేశాల్లో దీన్ని ఇళ్ళకు వదిలెయ్యలేదు. ప్రభుత్వాలే తారీఖులు వేశాయి. చైనావాళ్ళు 1950ల్లో హ్వై నది, చిన్‌లింగ్ కొండల మీదుగా దేశానికి అడ్డంగా ఒక గీత గీశారు. గీతకు ఉత్తరాన ఉన్న పట్టణాలకు సాధారణంగా నవంబరు 15 నుంచి మార్చి 15 దాకా గొట్టాల్లో వేడి వస్తుంది. దక్షిణాన ఉన్నవాళ్ళు దుప్పట్లు కప్పుకోవాలి. రష్యాలో వరసగా అయిదు రోజులు సగటు ఉష్ణోగ్రత 8 డిగ్రీల కంటే తక్కువగా ఉంటే ఊరంతటికీ వేడి వదులుతారు. ఇటలీవాళ్ళు 1993లో దేశాన్ని ఆరు మండలాలుగా విడదీసి, ఏ మండలంలో ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాకా, రోజుకు ఎన్ని గంటలు ఇల్లు వేడి చేసుకోవచ్చో ఉత్తర్వు రాసుకున్నారు. మన తెలుగు పిల్లలు బోలెడుమంది అద్దెకుండే న్యూయార్కు నగరంలో అక్టోబరు 1 నుంచి మే 31 దాకా 'వేడి కాలం'. పగటిపూట బయట 55 ఫారెన్‌హీటు డిగ్రీల కంటే తగ్గిందంటే లోపల కనీసం 68 డిగ్రీలు ఉండేట్టు ఇంటి యజమాని చూడాలి. లేకపోతే జరిమానా.

చదువుతుంటే నవ్వొస్తుంది. చలి ఏమైనా తారీఖు చూసుకుని వస్తుందా? నవంబరు 14న వణికేవాడు ఏమైపోవాలి? ఈ నవ్వును కాసేపు పక్కన పెట్టి మన ఊళ్ళకు వద్దాం.

పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం - ఈ పట్టుకు ఉద్దానం అని పేరు. ఉద్యానవనం అన్న మాటే అలా అయిందంటారు. తూర్పున సముద్రం, పడమట మహేంద్రగిరి. మధ్య కొబ్బరి, జీడిమామిడి, పనస. సముద్రం దగ్గర కనక ఇక్కడ నీళ్ళు గడ్డకట్టే చలి ఏనాడూ లేదు. కొండకు ఆవల, నేటి ఒడిశా గజపతి జిల్లా చంద్రగిరిలో 1963 నుంచి టిబెట్టువాళ్ళు కాపురముంటున్నారు. మంచుదేశం నుంచి వచ్చిన వాళ్ళ పెద్దలను అడిగితే మన చలిని చలి అనడానికే ఒప్పుకోకపోవచ్చు. కాని చలి ధర్మామీటర్లో ఉండే వస్తువు కాదు. అది ఒంట్లోనూ ఇంట్లోనూ ఉంటుంది. పెంకుల సందుల్లోంచి మంచు దిగే ఇంట్లో, ఒక్క నేతచీరతో నేలమీద పడుకున్న మనిషికి 16 డిగ్రీలు చాలు, రాత్రంతా మేలుకునుండడానికి. పైగా 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి లక్షల చెట్లను పడగొట్టింది. చెట్టు పోయిన చోట నీడా పోయింది, గాలికి అడ్డూ పోయింది.

ఇక్కడ ఇళ్ళకు వేడి గొట్టాలు లేవు కదా, మరి ఈ పేచీ ఎక్కడిదంటారా? ఉంది. అది మూడు రూపాల్లో ఉంది. మొదటిది ఫాను. కోస్తా జిల్లాల్లో చలికాలం మొదలవడం అంటే కుంపటి వెలగడం కాదు, ఫాను ఆగడం. దోమలకు ఫాను కావాలి ఒకరికి. ఆ గాలికి మోకాళ్ళు పట్టేస్తాయి ఇంకొకరికి. రాత్రి పదిగంటలకు ఒకరు రెండులో పెడితే పన్నెండు గంటలకు ఇంకొకరు లేచి నాలుగులో పెడతారు. రెండోది వేణ్ణీళ్ళు. "ఈపాటి దానికి వేణ్ణీళ్ళెందుకు, నుయ్యి నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి" అనే వీరుడు ప్రతి ఇంట్లోనూ ఒకడుంటాడు. మూడోది నిప్పు - పెరట్లో కొబ్బరి డొక్కలు, మట్టలు, రాలిన ఆకు వేసి రాజేసే చలిమంట, లేదా ముసలివాళ్ళ మంచం పక్కన పెట్టే కుంపటి. ఈ మూడింటికీ ఆజ్ఞ ఇచ్చేది ఎవరు?

మీరు గమనించారో లేదో, ఆ ఆజ్ఞ ఇచ్చేవాడికి సాధారణంగా చలి వెయ్యదు. అతను నడివయసు గృహస్థు. పొద్దున్నే లేచి పదిమైళ్ళు సైకిలు తొక్కినవాడో, తోటలో పలుగు వేసినవాడో, టెక్కలి దగ్గర రాతి క్వారీలో బండలు కదిపినవాడో. ఒంట్లో రక్తం ఉరకలేస్తూ ఉంటుంది. అతని ఒంటికి చలి తగిలిన రోజే ఆ ఇంటికి చలికాలం. ఇదేదో మనవాళ్ళ మోటుతనం అనుకోకండి. 2015లో నెదర్లాండ్సు శాస్త్రవేత్తలు ఇద్దరు ఒక సంగతి బయటపెట్టారు. పెద్ద పెద్ద ఆఫీసు భవనాల్లో చల్లదనం, వెచ్చదనం లెక్కకట్టే సూత్రం 1960ల నాటిదట. ఆ సూత్రంలో కొలబద్ద ఒక మగమనిషి - 40 ఏళ్ళు, 70 కిలోలు. ఆడవాళ్ళ ఒంట్లో పుట్టే వేడి ఆ లెక్కకంటే తక్కువ. అందుకే అన్ని దేశాల ఆఫీసుల్లోనూ వాళ్ళు శాలువాలు కప్పుకుని కూర్చుంటున్నారు. ఆ 70 కిలోల ఆసామీ మన ఇళ్ళల్లో సూత్రం అక్కర్లేకుండానే ఎప్పట్నుంచో ఉన్నాడు.

అతను చెడ్డవాడు కాడు. అతని వాదంలో పస ఉంది. "కార్తీకంలోనే కుంపటి పెడితే పుష్యంలో ఏం పెడతావు?" అంటాడు. డొక్కలూ మట్టలూ ఊరికే వచ్చినవి కావు, అమ్మితే డబ్బులు. ఒంటిని సుఖానికి అలవాటు చెయ్యకూడదంటాడు. చిన్నప్పుడు తాను ఒక్క చొక్కాతో బడికి వెళ్ళిన సంగతి చెబుతాడు. ఓర్పు గొప్పది, కాదనను. కార్తీకమాసంలో తెల్లవారకముందే చన్నీళ్ళు పోసుకుని దీపం పెట్టే ఇల్లాలిని చూడండి. ఆ చలి ఆమె కోరి తెచ్చుకున్నది, అందుకే దానికి పుణ్యమని పేరు. కాని ఆవిడే ఆ చన్నీళ్ళు తెచ్చి నిద్రపోతున్న అత్తగారి మీద పోస్తే దాన్ని ఏమంటాం? తన ఒంటి మీద పడే కష్టానికి ఓర్చుకోవడం ఓర్పు. ఇంకొకరి ఒంటి మీద పడే కష్టానికి మనం ఓర్చుకోవడానికి వేరే పేరుంది. రెండింటికీ కలిపి 'మా ఇంట్లో అందరం చలికి ఓర్చుకుంటాం' అని ఒకే మాట వాడేస్తాం. తప్పు అక్కడుంది.

ఎందుకంటే ఒకే గదిలో అందరికీ పడే చలి ఒకటి కాదు. ఈ సంగతి మిగతా ఊళ్ళకు పుస్తకాల్లో చదివితే తెలియాలేమో గాని, ఉద్దానానికి ఇంటింటా తెలుసు. ఇదమిత్థమని కారణం తేలని మూత్రపిండాల జబ్బు ఈ పట్టును దశాబ్దాలుగా పీడిస్తోంది. మూత్రపిండాల పని మలినాలు వడకట్టడం ఒక్కటే కాదు. ఎర్ర రక్తకణాలు తయారుచెయ్యమని ఎముకల్లోని మూలుగకు కబురు పంపే హార్మోను అక్కడే ఎక్కువగా పుడుతుంది. అవి చెడితే కబురు ఆగిపోతుంది, రక్తం పలచబడుతుంది, ఒంటికి చలి ఎక్కువవుతుంది. పక్కవాడు చెమట తుడుచుకుంటున్న ఆశ్వయుజంలోనే ఈ మనిషి దుప్పటి వెతుక్కుంటాడు. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్సు. తొలి వంతు దొరికితే చీకటితోనే ఆటో ఎక్కి పలాసకో, సోంపేటకో, టెక్కలికో వెళ్ళాలి. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. దూరం పోయే బాధ కొంత తగ్గింది. కాని ఆటోలో మొహానికి కొట్టే గాలి అదే. నాలుగు గంటలసేపు నెత్తురు ఒంటిని వదిలి గొట్టాల్లో తిరిగి వస్తుంటే వచ్చే వణుకూ అదే.

ఇంకొక సంగతి చూడండి. బీదవాడికి చలికి మొదటి మందు వేడి టీ. డయాలసిస్సు మనిషికి అదీ కొలతే. రోజుకు ఇన్ని నీళ్ళని డాక్టరు లెక్క వేస్తాడు, టీ కూడా ఆ లెక్కలోదే. అందరూ గ్లాసు పట్టుకుని చేతులు కాచుకుంటున్న వేళ అతను రెండు గుక్కలతో సరిపెట్టుకోవాలి. ఆ మనిషితో గృహస్థు "ఇదేం చలి!" అంటే, అతను చెప్పింది నిజమే - తన చలి గురించి. ఎదుటివాడి చలి గురించి అతనికి తెలిసింది ఏమీ లేదు.

సరే, అయితే న్యాయం సులువుగానే ఉంది కదా, ఇంట్లో ఎవరికి అందరికంటే ముందు చలేస్తుందో వాళ్ళ మాటే చెల్లాలి అంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకునేవాణ్ణి. డెన్మార్కులో ఫాంగర్ అనే ఆచార్యుడు మనుషుల్ని గదుల్లో కూర్చోబెట్టి ఏ వేడి నచ్చుతుందో అడిగి 1970లో పెద్ద గ్రంథమే రాశాడు. ఆయన లెక్కల ప్రకారం గదిని ఎంత చక్కగా అమర్చినా నూటికి కనీసం అయిదుగురికి నచ్చదు. ఆఫీసులో ఆ అయిదుగురు ఎవరైనా కావచ్చు. ఇంట్లో మాత్రం ఆ నచ్చనివాళ్ళు ఏటేటా ఒకే మనిషి. ఆ మనిషి మాట వింటే సరిపోతుంది కదా!

చిక్కల్లా ఆ మనిషి మాట్లాడదు. మామ్మను అడగండి, "మామ్మా, చలేస్తోందా?" అని. "నాకు చలేటిరా బాబూ! పిల్లలకి కప్పండి. నానేటి, ముసిల్దాన్ని" అంటుంది. ఇందులో సగం మొహమాటం. మిగతా సగం నిజమే కావచ్చు, అదే మరీ ప్రమాదం. వయసు మళ్ళినకొద్దీ చలిని కనిపెట్టే శక్తి ఒంటికి తగ్గుతుంది. కాళ్ళూ చేతులూ చల్లబడిపోయినా ఆ సంగతి మనసుకు అందదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో, చలికాలంలో ఇంట్లో 18 డిగ్రీలు ఉంటే క్షేమమనీ, ముసలివాళ్ళకూ పసివాళ్ళకూ జబ్బుమనుషులకూ ఇంకా ఎక్కువ కావలసి రావచ్చనీ చెప్పింది. పసిపిల్ల ఏడుస్తుంది గాని ఎందుకో చెప్పలేదు. ఇక రోగి సంగతి. మందులకూ ఆటోలకూ ఇంటి డబ్బంతా తన మీదే ఖర్చవుతోందని అప్పటికే కుమిలిపోయే మనిషి, పైన బొగ్గులు కూడా అడుగుతాడా?

"అడిగితే పెట్టమా?" అంటాం మనం. మన మంచితనం మీద మనకున్న నమ్మకమంతా ఆ మాటలో ఉంది. కాని అడగడమంటే ఏమిటి? చలేస్తోందని ఒప్పుకోవాలి. అంటే బలహీనత ఒప్పుకోవాలి. తన వణుకును రుజువు చేసుకోవాలి. తీరా కుంపటి వచ్చాక ఇంట్లో ఎవరైనా పొగకు దగ్గితే అది తనవల్లే అనుకోవాలి. అర్జీ పెట్టుకుని సంపాదించిన నిప్పు చేతులకు వెచ్చగానే ఉంటుంది, మనసుకు ఉండదు.

వెనకటి కాలంలో ఈ అర్జీ అవసరం కొంత తక్కువగా ఉండేదనుకుంటాను. కట్టెల పొయ్యి ఉన్న రోజుల్లో వంట దిగాక మిగిలిన నిప్పులు ఎలాగూ ఉండేవి. వాటిని కుంపటిలోకి తోడి ముసలావిడ పక్కన పెడితే దానికి వేరే ఖర్చు లేదు. పొయ్యిముందు చోటు ఆవిడదే. వెచ్చదనం వంటకు తోడబుట్టినట్టు దానంతటదే వచ్చేది. గ్యాసు వచ్చాక మన ఆడవాళ్ళ కళ్ళకు పొగ తప్పింది, ఊపిరితిత్తులు బతికాయి. దాని మేలు చెప్పనలవి కాదు. కాని గ్యాసుపొయ్యికి నిప్పులు మిగలవు. అడగకుండా దొరికిన వెచ్చదనం అడిగి తెచ్చుకోవలసిందిగా మారిపోయింది. ఆ మార్పును ఎవరూ కావాలని చెయ్యలేదు, చాలామంది గమనించనూ లేదు.

వీధి చలిమంట దగ్గర ఇప్పటికీ ఆ పాత మర్యాదే నడుస్తోంది. తెల్లవారుజామున కాశీబుగ్గ రోడ్డుపక్కనో, జీడి ఫ్యాక్టరీ గేటు ముందో నాలుగు మట్టలు తగలేసి వాచ్‌మనూ, ఆటోవాడూ, పిక్కలు ఒలవడానికి వచ్చిన ఆడకూతుళ్ళూ చుట్టూ నిలబడతారు. ఎవరైనా కొత్తగా వస్తే "నీకు నిజంగా చలేస్తోందా?" అని ఎవరూ అడగరు. కాస్త పక్కకు జరుగుతారు, అంతే. వచ్చినవాడు చేతనైతే గుప్పెడు ఆకు వేస్తాడు, లేకపోతే లేదు. ముక్కూ మొహం తెలియనివాడికి వీధిలో ఇచ్చే ఈ చోటు ఇంట్లో సొంతమనిషికి దొరకడానికి అడ్డేమిటో నాకు అర్థం కాదు.

ఇప్పుడు ఇందాక పక్కన పెట్టిన నవ్వు దగ్గరకు వెళదాం. చైనావాడి నవంబరు 15, న్యూయార్కువాడి అక్టోబరు 1. తారీఖు చలిని సరిగ్గా కనిపెట్టలేదు, నిజమే. దాని గొప్పతనం అందులో లేదు. తారీఖు వచ్చేసరికి ఎవరూ ఎవర్నీ అడగక్కర్లేదు. ఆ నగరంలో అద్దెకున్న ముసలమ్మ ఇంటివాడి గుమ్మంలో నిలబడి తన మోకాళ్ళ కథ చెప్పుకోనక్కర్లేదు. చట్టం ఆవిడ తరఫున ముందే అడిగేసింది. ఇంట్లో చట్టాలు ఎందుకండీ, ప్రేమ చాలదా అంటారేమో. ప్రేమ ఉన్న ఇళ్ళల్లోనే మొహమాటమూ ఎక్కువ. అడగలేనివాళ్ళకు అడగవలసిన అవసరం లేకుండా చెయ్యడం ప్రేమ చెయ్యవలసిన పనుల్లో ఒకటి. దానికి ఒక తారీఖు పెట్టుకుంటే నామోషీ ఏమీ లేదు. పండుగలకు పెట్టుకోలేదూ?

అయితే వెచ్చదనం పేరుతో ప్రాణం తియ్యకూడదు. తలుపులన్నీ బిగించిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుంటే వాసన లేని విషవాయువు నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. ఊరికే దొరికాయి కదా అని జీడిపిక్కల తొక్కలు మంటలో వెయ్యకూడదు. వాటి నూనె ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది, పొగ కళ్ళనూ గొంతునూ మండిస్తుంది. తాటాకు చూరు కింద మంట సంగతి చెప్పనే అక్కర్లేదు. చక్కెరజబ్బుతో పాదాలు మొద్దుబారినవాళ్ళకు వేణ్ణీళ్ళ సంచీ కాలుతున్నా తెలియదు. అందుకని వెచ్చదనమంటే నిప్పు ఒక్కటే అనుకోకండి. పాత చీరలు కుట్టిన బొంత ఎండలో వేసి సాయంత్రం పరిచినా అది వెచ్చదనమే. పడక గుమ్మానికి ఎదురుగా ఉంటే గోడవారకు జరపడం, కిటికీ సందులో గుడ్డ కుక్కడం, కాళ్ళకు మేజోళ్ళు తొడగడం, ముసలివాళ్ళ మంచం ఫాను కిందనుంచి తప్పించడం - వీటిల్లో దేనికీ పైసా ఖర్చు లేదు. కావలసిందల్లా వాళ్ళకంటే ముందు మనకు గుర్తు రావడం.

ఉద్దానం ఇళ్ళకు నా సలహా అడిగితే కార్తీక పౌర్ణమి మంచి రోజంటాను. అప్పటికి తెల్లవారుజాముల్లో గాలి తిరుగుతుంది. ఆ రోజు దీపం పెట్టడం ఎవరూ మరిచిపోరు కనక ఇదీ గుర్తుంటుంది. ఇంట్లో జబ్బుమనిషి ఉంటే పౌర్ణమి దాకా కూడా ఆగకండి, నాగులచవితికే మొదలుపెట్టండి. బొంతలు దించి ఎండబెట్టండి. మామ్మ స్నానానికి నీళ్ళు కాచి తొట్లో పొయ్యండి. "ఇప్పట్నుంచే ఎందుకురా?" అని ఆవిడ తప్పకుండా అంటుంది. దానికి జవాబు చెప్పకండి. "పౌర్ణమి వచ్చింది కదే" అనండి చాలు. తన కోసం కాదు, తిథి కోసం అనుకుని హాయిగా పోసుకుంటుంది.